పావురం తర్వాత సబ్బు

సెప్టెంబరు 8

ఉడతా,

చేతిలో ఫోను ఉండగా ఈ ఉత్తరం ఏమిటని కవరు చించకముందే నవ్వి ఉంటావు. నవ్వుకో. ఫోన్లో నిన్ను ఏదడిగినా "అదేం లేదత్తా" అని నవ్వేస్తావు. ఆ నవ్వు వెనక ఏముందో నాకు అందదు. కాగితం మీద అయితే అలా తప్పించుకోలేవు. ఇన్నేళ్ళుగా పాఠ్యపుస్తకాల ప్రూఫులు దిద్దుతున్నదాన్ని. రాసినవాళ్ళు ఎక్కడ తడబడ్డారో, ఎక్కడ తెలియక దాటేశారో పేజీ చూస్తే పసిగడతాను. కాబట్టి ఈ సీజను అయ్యేదాకా నువ్వు నాకు జవాబు చెప్పాల్సింది రాతలోనే.

సంగతి మా అబ్బాయి గురించి, ఆ తూనీగ గురించి. మొన్న ఫోన్ చేసి, వాళ్ళ కోచ్ ఈల మింగబోయిన కథ చెప్పాడు. బాగా చెప్పాడు, నవ్వాను. కాసేపు అవీ ఇవీ మాట్లాడుకున్నాక మళ్ళీ అదే కథ చెప్పాడు. అవే మాటలు, నవ్వు కూడా అదే చోట. నేనూ రెండోసారి నవ్వాను. నవ్వకపోతే ఏమవుతుందోనని భయం వేసింది. ఎందుకు భయపడ్డానో మాత్రం చెప్పలేను.

మీ మామయ్యతో అంటే, "మనతో మాట్లాడ్డానికి వాడికి ఉన్నది ఒక్క కథే కాబోలు" అని కళ్ళజోడు బిగించుకుంటూ తన కళ్ళద్దాల కొట్టుకి వెళ్ళిపోయారు. ఆయనకి లోకంలో ప్రతి చిక్కూ అద్దం మారిస్తే పోయేదే.

మీరిద్దరూ ఒకే కాలేజీలో ఉన్నారు. వాడు గోల్‌పోస్టు ముందు నిలబడతాడు, నువ్వు పక్కన మందుల సంచీ పట్టుకుని నిలబడతావు. నీకు తెలియకుండా ఏదీ జరగదు. వాడిని కాస్త కనిపెట్టుకుని ఉండు. ఏం కనిపెట్టావో నాకు రాయి.

అన్నయ్య చొక్కా గుండీలు ఇంకా పిన్నీసులతోనే నడుస్తున్నాయా? అడిగానని చెప్పు.

మీ అత్త

*

సెప్టెంబరు 14

అత్తా,

నీ ఉత్తరం పట్టుకొచ్చిన హాస్టల్ ఆఫీసావిడ "ఎవరైనా పోయారా అమ్మా?" అని అడిగింది. ఈ రోజుల్లో చేత్తో రాసిన కవరు చూస్తే జనానికి అదే గుర్తొస్తుంది.

ముందు ఒక సంగతి సరిచెయ్యాలి. పోయినసారి నువ్వు మీ ప్రెస్సువాళ్ళకి నన్ను "జిమ్ములో కసరత్తు చేయించే చదువు" చదువుతున్నానని చెప్పావట. అథ్లెటిక్ ట్రైనింగ్ అంటే ఈల ఊది గుంజీలు తీయించడం కాదు. ఆటగాళ్ళకి దెబ్బలు తగలకుండా చూడటం, తగిలితే ముందుగా పరుగెత్తడం, తగ్గాక మళ్ళీ ఎప్పుడు ఆడొచ్చో తేల్చడం, అదీ మా పని. ఎముకల పేర్లు, కండరాల పేర్లు బట్టీ పట్టాలి. చీలమండకి టేపు చుట్టడం కూడా పరీక్షే. మొన్న మనిషి దొరక్క కుర్చీ కాలికి చుట్టి ప్రాక్టీసు చేశాను. నా రూమ్మేటు వచ్చి "పాపం, ఎప్పుడు బెణికింది?" అని కుర్చీని పరామర్శించింది.

మా పెద్ద ట్రైనర్ గారికి ఐసమ్మ అని పేరు పెట్టారు పిల్లలు. వేలు నలిగినా ఐసే, మనసు నలిగినా ఐసే. ట్రీట్‌మెంట్ రూములో గోడ వారగా పెద్ద ఐసు తొట్టె, పక్కన తువ్వాళ్ళ గుట్ట, పైన ఎప్పుడూ సగం ఆరి వెలిగే ట్యూబ్‌లైటు. ఆవిడ నవ్వగా నేను చూడలేదు. మొదటిరోజే మా అందరి చేతా మాట తీసుకుంది. ఆ గదిలో విన్నది గుమ్మం దాటకూడదు. ఎవరి ఒంట్లో ఎలా ఉందో ఎవరికీ చెప్పకూడదు. "వాళ్ళమ్మ అడిగినా చెప్పకూడదు. వాళ్ళమ్మ అడిగితే అసలే చెప్పకూడదు" అంది.

తూనీగ బాగా తింటున్నాడు. కోచింగ్ క్లాసులోనూ, స్పోర్ట్స్ మేనేజ్‌మెంట్ క్లాసులోనూ ముందు వరసలో కూర్చుంటున్నాడు.

నాన్న గుండీలు నేను కుట్టి వచ్చాను. మళ్ళీ ఊడి ఉంటాయి.

నీ ఉడత

*

సెప్టెంబరు 19

ఉడతా,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. కుర్చీ కాలి గురించి అంత రాశావు, నా కొడుకు గురించి రెండు వాక్యాలు రాశావు. ఆ రెండోది నన్ను నిద్రపోనివ్వలేదు. ముందు వరసా? ఒకటో తరగతి నుంచీ వాడు కూర్చున్నది గోడకి ఆనుకుని, ఆఖరి బెంచీలో. మాస్టార్లు ఎన్నిసార్లు ముందుకి లాగినా ఇంటర్‌వెల్ అయ్యేసరికి వెనక్కి పాకేవాడు. అలాంటివాడు ఉన్నట్టుండి ముందు వరసకి వచ్చాడంటే ఎవరి కోసం?

సూటిగా అడుగుతున్నాను, నువ్వూ సూటిగా చెప్పు. మీ ఇద్దరి మధ్యా ఏమైనా ఉందా? మరదలివి, వాడు బావ. ఉంటే ఉండొచ్చు, అది నేరం అననులే. దాచడం మాత్రం నాకు నచ్చదు. ఏదైనా చెప్పకూడని సంగతి ఉన్నవాళ్ళే "చెప్పకూడదని మాట తీసుకున్నారు" అని అంత వివరంగా రాస్తారు.

అది కాకపోతే ఇంకో అనుమానం ఉంది, అది మరీ పాడుది. పోయినవారం వాడు వాళ్ళ నాన్నకి ఫోన్ చేసి నల్లద్దాలు పంపమన్నాడు. ఎండకి కాదట, గదిలో పెట్టుకోడానికట. మీ మామయ్య మురిసిపోయి, "వీడికి ఇప్పుడొచ్చింది సోకు" అంటూ కొట్టులో ఉన్నవాటిలో మంచివి ఏరి పంపారు. నాకు మాత్రం ఎర్రబడ్డ కళ్ళు కనిపించాయి. కళ్ళు ఎందుకు దాచుకుంటారో నాకు తెలియదా? తాగుతున్నాడా? మాత్రలేమైనా మింగుతున్నాడా? వేళకి పడుకునేవాడు చెప్పిన కథే మళ్ళీ చెబుతాడా?

నేను మరీ అనుమానప్పక్షినని నీకు అనిపిస్తుంది. నాకూ అనిపిస్తుంది. ప్రూఫులు దిద్దే పనిలో ఇదొక తెగులు. తప్పు ఉందనుకుని చదివితేనే తప్పు దొరుకుతుంది. ఉందనుకుని చదివితే లేనిచోట కూడా కనిపిస్తుంది. ఈ రెంటి మధ్యా గీత ఎక్కడుందో ఇన్నేళ్ళయినా తేలలేదు.

అయినా చెప్పు.

మీ అత్త

*

సెప్టెంబరు 26

అత్తా,

రోజూ వాడి సాక్సులు చూసే ఏ ఆడపిల్లా వాడిని ప్రేమించదు. ఆ దిగులు తీసి గట్టు మీద పెట్టెయ్. నాకంటే నాలుగు నెలలు ముందు పుట్టినంత మాత్రాన బావా అని పిలవనని ఐదేళ్ళప్పుడే తేల్చేశాను.

తాగుడు కాదు. మాత్రలూ కాదు. నా మీద ఒట్టు. అంతకు మించి అడక్కు. అడిగితే అబద్ధం చెప్పాలి, లేకపోతే మాట తప్పాలి. నీకు రాసేటప్పుడు ఆ రెండూ చెయ్యలేను.

ఇక్కడ నాకూ మనసు మనసులో లేదు. ఎవరిని నమ్మాలో తెలియడం లేదు. నిన్న మధ్యాహ్నం కోచ్ మా ఐసమ్మ గదిలోకి వచ్చి తలుపు వేసుకున్నాడు. బయటికి వచ్చేటప్పుడు ఆయన నవ్వుతూ వచ్చాడు. ఆవిడ ఎప్పటిలాగే ఉంది. "ఆదివారానికి అందరూ సిద్ధం" అని ఆయన, "పరీక్షలో నెగ్గినవాళ్ళు సిద్ధం" అని ఆవిడ. ఆ మాట ఎవరి గురించో నేను రాయను. నువ్వు కూడా ఏమీ ఊహించుకోకు అని రాయబోయి ఆగాను. ఊహించుకోవద్దంటే నువ్వు ఊరుకుంటావా?

ఇప్పుడు నేను నిన్నొకటి అడుగుతాను. ఎందుకని మాత్రం అడక్కు.

మా చిన్నప్పుడు కరెంటు పోయినప్పుడల్లా మాచేత మాటల మూట ఆడించేదానివి గుర్తుందా? నువ్వు పది మాటలు వరసగా చెప్పేదానివి. మేము మళ్ళీ అదే వరసలో చెప్పాలి, తర్వాత తలకిందులుగా చెప్పాలి. ఆ ఆటలో తూనీగ ఎలా ఆడేవాడు? పదీ చెప్పేవాడా? తడుముకునేవాడా? నాకు గుర్తున్నది నిజమో కాదో నీ నోట వినాలి. దయచేసి ఉన్నది ఉన్నట్టు రాయి. తొందరగా రాయి.

నీ ఉడత

*

అక్టోబరు 1

అమ్మాయీ,

ఈసారి ఉడతా అని రాయబుద్ధి కాలేదు.

నువ్వు ఇది అడుగుతావని వాడు నాకు ముందే చెప్పాడు. నీ ఉత్తరం రావడానికి రెండు రోజుల ముందు ఫోన్ చేసి, "అమ్మా, ఇక్కడ కొందరి కన్ను నా మీద పడింది. నన్ను జట్టులోంచి తప్పించాలని చూస్తున్నారు. మన ఉడత కూడా వాళ్ళతో చేరింది. నా జ్ఞాపకశక్తి గురించి ఏదో ఒకటి అడుగుతుంది చూడు. వీడు చిన్నప్పటి నుంచీ మతిమరుపు మాలోకమే అని చెప్పెయ్" అన్నాడు. నేను నమ్మలేదు. "అది అలాంటిది కాదురా" అన్నాను. తీరా చూస్తే నీ ఉత్తరం. అందులో సరిగ్గా అదే ప్రశ్న.

ఆ కాలేజీలో చేరిన రోజు నీకు నీ గది చూపించింది వాడు. నీ పెట్టెలు మోసింది వాడు. జట్టులో వాడి చోటు కోసం వెనకాల ఎవరు కాచుకుని ఉన్నారో, వాళ్ళకి నువ్వేమవుతావో నాకు తెలియదు, తెలుసుకోను కూడా.

అడిగావు కాబట్టి చెబుతున్నాను. మాటల మూటలో వాడు ఎప్పుడూ అంతంత మాత్రమే. ఐదో మాట దగ్గర ఆగిపోయేవాడు. ఒక్కోసారి నాలుగు కూడా వచ్చేవి కావు. తలకిందులుగా అసలే కుదిరేది కాదు. నువ్వు గెలిచేదానివి, వాడు మూతి ముడుచుకుని తలుపు వెనక నిలబడేవాడు, నేను వెళ్ళి సముదాయించేదాన్ని. వాడి తీరే అంత. వాళ్ళ నాన్న పోలిక. ఆయన కూడా కళ్ళజోడు నెత్తిన పెట్టుకుని ఇల్లంతా వెతుకుతారు. కాబట్టి ఇప్పుడు వాడు ఏదైనా మరిచిపోతే అందులో వింత లేదు, కొత్త లేదు. మీ పెద్దావిడకి కూడా ఈ మాటే చెప్పు.

ఇంతే.

అత్త

*

అక్టోబరు 7

అత్తా,

నీ ఉత్తరం పట్టుకుని ట్రీట్‌మెంట్ రూము మెట్ల మీద చాలాసేపు కూర్చున్నాను.

నేను ఏనాడూ గెలవలేదు అత్తా. ఒక్కసారి కూడా. తలుపు వెనక మూతి ముడుచుకుని నిలబడింది నేను. నువ్వు సముదాయించింది నన్ను. తూనీగ పది మాటలూ చెప్పి, తలకిందులుగా చెప్పి, మధ్యలోంచి అటూ ఇటూ చెప్పి నన్ను ఏడిపించేవాడు. నా జ్ఞాపకం తప్పేమోనని భయపడి నిన్ను అడిగాను. నువ్వు తప్పు రాశావు కాబట్టే ఒప్పు తెలిసింది. నువ్వు ఎప్పుడూ ఒక్క ముక్కలో తేల్చేస్తావు. ఈసారి తలుపూ, మామయ్య కళ్ళజోడూ అన్నీ తెచ్చి చుట్టూ పేర్చావు. ఎక్కువ వివరంగా రాసేవాళ్ళని అనుమానించమని నాకు నేర్పింది నువ్వే కదా.

ఇప్పుడు అన్నీ రాయగలను. ఇంట్లోవాళ్ళకి చెప్పొచ్చని తూనీగ ఒప్పుకుని సంతకం పెట్టాడు. ఐసమ్మ మామయ్యకి ఫోన్ చేసి మాట్లాడింది కూడా. అయినా నా వైపు నుంచి చెప్పాలి.

సీజను మొదట్లో ప్రతి ఆటగాడికీ ఒక పరీక్ష పెడతాం. కొన్ని మాటలు చదివి వినిపిస్తాం, కాసేపాగి మళ్ళీ చెప్పమంటాం. తెర మీద గుర్తు కనిపించగానే మీట నొక్కమంటాం. ఒంట్లో బాగున్నప్పుడు వాళ్ళ మెదడు ఎంత చురుగ్గా ఉంటుందో అందులో తెలుస్తుంది. తర్వాత తలకి దెబ్బ తగిలితే మళ్ళీ అదే పరీక్ష పెట్టి, మొదటిదానితో పోల్చి, ఆడొచ్చో లేదో తేలుస్తాం. ఇదీ పద్ధతి. ఈ పద్ధతిలో ఒక కన్నం ఉంది. దాన్ని సీనియర్లు మొదటివారంలోనే జూనియర్లకి నేర్పుతారట. మొదటి పరీక్షలో కావాలని తప్పులు చెయ్యి. మాటలు మరిచిపోయినట్టు నటించు, మీట ఆలస్యంగా నొక్కు. అప్పుడు రేపు నిజంగా దెబ్బ తగిలినా, నీ మార్కులు ఎప్పటిలాగే ఉన్నాయని నిన్ను ఆడనిస్తారు.

తూనీగ అదే చేశాడు. ఆగస్టు చివర్లో ప్రాక్టీసులో బంతి కోసం దూకి గోల్‌పోస్టుకి తల కొట్టుకున్నాడు. పరీక్ష పెట్టారు. మొదటిదానితో సరిపోయింది. వదిలేశారు. ఇంకోసారి ఎవరి మోకాలో తగిలింది. మళ్ళీ సరిపోయింది. నేను మాత్రం చూస్తూనే ఉన్నాను. ట్యూబ్‌లైటు కింద కళ్ళు చిట్లించేవాడు. వెనక బెంచీలోంచి బోర్డు మీద అక్షరాలు ఈదుతున్నాయని ముందుకి వచ్చి కూర్చున్నాడు. వాడు ముందు వరసకి ఎందుకొచ్చాడో అడిగావే, అందుకు. నల్లద్దాలు కూడా అందుకే.

చెబితే వాడి చోటు పోతుంది. చెప్పకపోతే ఇంకేం పోతుందోనని భయం. పైగా ఐసమ్మ కోచ్ మనిషేమోనని నాకు గట్టి అనుమానం. అందుకే "అత్తనే అడుగుతాను" అని వాడిని బెదిరించి, ముందు నీ నోటి మాట కోసం చూశాను. ఆఖరికి వెళ్ళి చెప్పేశాను. "మేడం, మొదటి పరీక్షలో వాడు అబద్ధం ఆడాడు. చిన్నప్పటి నుంచీ వాడి జ్ఞాపకం నాకు తెలుసు" అన్నాను. ఆవిడ నేరుగా కోచ్ గదికి వెళ్ళి గుమ్మంలోనే నిలబడి, "గోల్‌కీపర్ ఈ ఆదివారం ఆడడు" అంది. ఆయన గట్టిగా అరిచాడు. "సెమీఫైనల్ అండీ! నా జట్టు ఏమవ్వాలి?" అన్నాడు. ఆవిడ వెనక్కి వచ్చి తువ్వాళ్ళు మడతపెట్టడం మొదలుపెట్టింది. ఆవిడని నేను ఎంత తప్పుగా అనుకున్నానో!

వాడు ఇంటికి బయల్దేరేటప్పుడు నావైపు చూడలేదు. "ఇకనుంచి నువ్వు ఉడతవి కావు, చాటుగా కొరికే ఎలుకవి" అన్నాడు, అంతే.

అత్తా, తలకి తగిలిన దెబ్బ మానకముందే ఇంకోటి తగిలితే కొందరు మళ్ళీ లేవరు. నేను చదువుకున్నది అదే. వాడిని పడుకోనివ్వు. ఎవరేం చెప్పినా బంతి ముట్టుకోనివ్వకు.

నీ ఉడత

*

అక్టోబరు 11

అమ్మాయీ,

ఇది నీకు నా చివరి ఉత్తరం కావచ్చు. ఫోన్ చెయ్యకు, ఎత్తను.

వాడు వచ్చినరోజు నేనూ భయపడ్డాను. మీ ఐసమ్మ మాటలకి మీ మామయ్య ముఖంలో నెత్తురు చుక్క లేదు. వాడిని చీకటి గదిలో పడుకోబెట్టాను, పళ్ళెం మంచం దగ్గరికే తీసుకెళ్ళాను. నాలుగు రోజులు మంచం దిగలేదు. నిన్న సాయంత్రం కాస్త తేటగా కనిపించి వచ్చి వంటింటి గడప మీద కూర్చున్నాడు.

నువ్వు రాసింది నిజమో కాదో నేనే తేల్చుకుందామనుకున్నాను. ఎవరి మాటా నమ్మకపోవడం నాకు అలవాటే కదా. "రారా, మాటల మూట ఆడదాం" అన్నాను. మీ మామయ్య కూడా పేపరు దించి చూశారు. నేను చెప్పాను, వాడు విన్నాడు. కాసేపు పాలు కాగబెట్టే పని చూసుకుని, "ఇప్పుడు చెప్పు" అన్నాను.

పదికి పదీ చెప్పాడు. ఒక్క తడబాటు లేదు. తలకిందులుగా చెప్పాడు. చిన్నప్పటిలాగే మధ్యలోంచి అటూ ఇటూ కూడా చెప్పాడు. చెప్పి నవ్వాడు. మీ మామయ్య కళ్ళు తుడుచుకుని "వీడి తలకి ఏమైందన్నారో వాళ్ళ తలలు చూపించుకోవాలి" అన్నారు.

అవును, నేను నీకు అబద్ధం రాశాను. వాడు ఐదో మాట దగ్గర ఆగేవాడు కాదు. ఆ అబద్ధం ఒప్పుకుంటున్నాను. మరి నీ సంగతి? పది మాటలు తలకిందులుగా చెప్పగలిగినవాడి మెదడు దెబ్బతిందని ఊరంతా చాటావు. ఎవరి కోసం చేశావు? నీ చదువులో ఇలాంటిదొకటి కనిపెడితే మెచ్చుకుంటారా? నీ పేరు గొప్పగా రాసుకుంటారా?

మీ మామయ్య కొట్టుకి వచ్చే డాక్టరుగారు ఒకాయన ఉన్నారు. వీడు బాగానే ఉన్నాడని చీటీ రాసిస్తానన్నారు. శుక్రవారం బస్సెక్కిస్తున్నాం. వాడు లేకపోయినా జట్టు సెమీఫైనల్ గట్టెక్కిందట. ఆదివారం ఫైనల్‌లో నా కొడుకు గోల్‌పోస్టు ముందు నిలబడతాడు. నీకు కళ్ళుంటే చూడు.

అత్త

*

అక్టోబరు 13

అత్తా,

రెండుసార్లు ఫోన్ చేశాను. ఎత్తలేదు. మామయ్యకి చేస్తే ఆయన "మీ అత్తతోనే మాట్లాడుకో తల్లీ" అని పెట్టేశారు. అందుకే కొరియరు.

ఒక్కటే అడుగుతాను. ఏ మాటలు చెప్పావు?

గొడుగు, నిచ్చెన, పావురం, సబ్బు, కిటికీ, దారం, కుందేలు, తాళం, అద్దం, నిప్పు. ఇవేనా?

ఇవే అయితే నాకూ వచ్చు. ఇప్పుడు కాగితం చూడకుండానే రాశాను. కరెంటు పోయిన ప్రతిసారీ నువ్వు ఇవే చెప్పేదానివి. ఒక్కసారి కూడా మార్చలేదు. మొదట్లో కొత్తగా ఉండేవి, తర్వాత అవి మన ఇంటి పాట అయిపోయాయి. పావురం తర్వాత సబ్బు అని మనకి ఎవరూ గుర్తుచెయ్యక్కర్లేదు. అత్తా, పాతవి పోవు. దెబ్బ తగిలినప్పుడు పట్టు తప్పేది కొత్తవాటి మీదే.

కొత్త మాటలు చెప్పు. ఏవైనా సరే, వాడు ఎప్పుడూ నీ నోట వరసగా విననివి. చెప్పి, కాసేపు వేరే కబుర్లు పెట్టు. తర్వాత అడుగు. పదీ చెబితే వాడిని నువ్వే బస్సెక్కించు. నేను బస్టాండుకి వచ్చి వాడి బూట్లు మోస్తాను. నన్ను ఎలుకా అని పిలవనీ, పలుకుతాను.

కానీ ముందు అడుగు.

ఉడత

*

అక్టోబరు 15

ఉడతా,

కొరియరు కుర్రాడు నిన్న పొద్దున్న ఇచ్చాడు. గుమ్మంలోనే చదివాను. మొదట వచ్చింది కోపమే. నాకు పాఠం చెబుతోంది అనుకున్నాను. తర్వాత ఆ పది మాటలు నువ్వు వరసగా రాసిన చోట చూపు ఆగింది. కొట్టివేత ఒక్కటి లేదు. ప్రూఫులు దిద్దే కన్ను అది చూడకుండా ఎలా ఉంటుంది?

మా ప్రెస్సులో ఒక పద్ధతి ఉంది. ఎన్నోసార్లు అచ్చువేసిన పుస్తకాన్ని ఎప్పుడూ దిద్దే మనిషికి ఇవ్వరు. ఆ మనిషికి పేజీలు నోటికి వచ్చేసి ఉంటాయి. కళ్ళు అక్షరాల మీద ఉన్నా, చదివేది మనసులో ఉన్న పేజీని. అందుకని కొత్త మనిషికి ఇస్తారు. నా బల్ల మీంచి అలా ఎన్ని పుస్తకాలు తీసి పక్కవాళ్ళకి ఇచ్చారో!

బస్సుకి బట్టలు సర్దుతూ వాడిని పిలిచాను. "ఇంకోసారి ఆడదాం, వెళ్ళిపోతున్నావు కదా" అన్నాను. "నీకు ఎన్నిసార్లు ఓడినా చాలదమ్మా" అంటూ వచ్చి కూర్చున్నాడు. వాళ్ళ నాన్న కిటికీ దగ్గర ఎవరిదో కళ్ళజోడు తుడుస్తున్నారు. చెంచా, మేఘం, బూటు, దిండు, ఏనుగు, గంట, ఆకు, బల్ల, పలక, చేప. చెప్పేటప్పుడు వాడి మొహంలోకి చూడలేదు. చూస్తే పట్టేస్తాడు. తర్వాత ఏ సాక్సులు పెట్టాలో, ఏ చొక్కా ఉతకాలో మాట్లాడాను. అప్పుడు అడిగాను.

"చెంచా" అన్నాడు. "మేఘం" అన్నాడు.

ఆగాడు. పైకి చూశాడు. నుదురు రుద్దుకున్నాడు. తర్వాత ధైర్యంగా, గబగబా చెప్పుకుపోయాడు. "పావురం, సబ్బు, కిటికీ, దారం, కుందేలు, తాళం, అద్దం, నిప్పు." చెప్పి, గెలిచినట్టు నవ్వాడు. తాను ఏం చెప్పాడో వాడికి తెలియదు ఉడతా. వాడు అబద్ధం ఆడలేదు. ఆ సంగతే నాకు భరించరాకుండా ఉంది.

కిటికీ దగ్గర తుడుపు ఆగిపోయింది. మీ మామయ్య వెనక్కి తిరగలేదు.

వాడు మా మొహాలు చూశాడు. నవ్వు తగ్గింది. "మాటలు మార్చావా?" అన్నాడు.

"మార్చాను."

"మోసం" అన్నాడు. చిన్నప్పుడు నిన్ను అన్నట్టే అన్నాడు. మోకాళ్ళలో తల పెట్టుకున్నాడు. "అమ్మా, మొదటి దెబ్బ తగిలినప్పుడు నాకు బంతి రెండుగా కనిపించింది. ఎవరికీ చెప్పలేదు" అన్నాడు. ఇంకా ఏదో చెప్పబోయి మరిచిపోయాడో, చెప్పడం ఇష్టం లేకనో ఊరుకున్నాడు. ఏదో నాకు తెలియదు. ఇకమీదట వాడు ఊరుకున్న ప్రతిసారీ నాకు ఈ అనుమానం తప్పదు.

బట్టలు పెట్టెలోంచి నేనే తీశాను. డాక్టరుగారికి మీ మామయ్య ఫోన్ చేసి, చీటీ వద్దండీ అన్నారు. మెదడు చూసే పెద్ద డాక్టరు దగ్గరికి సోమవారం తీసుకెళ్తున్నాం. ఫైనల్‌లో గోల్‌పోస్టు ముందు ఇంకెవరైనా నిలబడతారు.

ఐసమ్మతో సహా అందరినీ అనుమానించాను. నీ మీద ఎన్ని అనుమానాలు పెంచుకున్నానో లెక్కలేదు. నా కొడుకు నోటి మాటని మాత్రం వదిలేశాను, వాడు చెప్పమన్న అబద్ధాన్ని నా చేత్తో రాసి నీకు పంపాను. నువ్వు దాన్ని నమ్మి ఊరుకుని ఉంటే! ఆ వాక్యం పూర్తి చెయ్యలేను. నిన్ను క్షమించమని అడగను, అడిగితే "అదేం లేదత్తా" అని నవ్వేస్తావు.

వాడు నీకొక మాట చెప్పమన్నాడు. ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను. "ఎలుకకి చెప్పు, నా గ్లౌజులు ఎవడికీ ఇవ్వొద్దని. ఇచ్చిందో, వచ్చి కుర్చీ కాలికి కట్టినట్టు దాని రెండు కాళ్ళూ కలిపి టేపు చుట్టేస్తాను." కుర్చీ కాలి సంగతి గుర్తుంది చూడు. దానికే ఎంత సంబరపడ్డానో!

ఒక సాయం చెయ్యి. వారానికి పది కొత్త మాటలు రాసి పంపు. నేను ఏరితే అన్నీ ఈ ఇంట్లోవే వస్తాయి, వాడు నా కళ్ళు తిరిగే చోటు చూసి ఊహించేస్తాడు. ఇంటికి మాత్రం పంపకు. కవరు వాడి చేతిలో పడితే ముందే చదివి బట్టీ పట్టేస్తాడు, వాడి సంగతి నాకు తెలియదా? మీ మామయ్య కొట్టుకి పంపు. కవరు మీద నీ పేరు కూడా రాయకు.

నీ అత్త